డి నొక్కితే పూర్తి

మా ఆఫీసు నారాయణఖేడ్ బస్టాండు రోడ్డులో ఒక బట్టల దుకాణం పైన ఉండేది. రెండు గదులు, రెండు కంప్యూటర్లు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళకు ఫోన్లు చేయడం మా పని. మనూర్, సిర్గాపూర్, కల్హేర్ వైపు ఊళ్ళలో బీపీ ఎక్కువున్నవాళ్ళు, రక్తం తక్కువున్నవాళ్ళు, ఇదివరకు కాన్పు కష్టమైనవాళ్ళు, ఇలా కనిపెట్టి చూడవలసినవాళ్ళ పేర్లు మా దగ్గర ఉండేవి. వారానికోసారి ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, నిద్ర పడుతోందా, కాళ్ళు వాస్తున్నాయా, బిడ్డ కదులుతోందా అని అడిగి, వాళ్ళు చెప్పింది కంప్యూటర్లో రాయాలి. రాసిన మాటల్లో ప్రమాదం కనిపిస్తే మా నర్సు ఫోన్లో ఆ పేరు ఎర్రగా మారుతుంది. ఆమె వెంటనే ఫోన్ చేస్తుంది, లేదంటే స్కూటీ వేసుకుని ఆ ఊరికి పోతుంది. హైదరాబాదులోని ఒక స్వచ్ఛంద సంస్థ ఇదంతా నడిపేది.

నన్ను ఈ పనిలోకి తీసుకున్నది నా టైపింగు చూసి. పదో తరగతి తర్వాత ఈ ఊళ్ళోనే ఇన్‌స్టిట్యూట్‌లో ఇంగ్లీషు టైపు లోయరు, హయ్యరు పాసయ్యాను. తర్వాత చాలా ఏళ్ళు ఒక దస్తావేజు లేఖరి దగ్గర కూర్చుని భూముల కాగితాలు కొట్టాను. కళ్ళు కాగితం మీద, వేళ్ళు మీటల మీద. అక్షరాలు ఎక్కడ పడుతున్నాయో చూసుకోవాల్సిన అవసరం నాకు ఎప్పుడూ రాలేదు. నలభై ఆరేళ్ళ వయసులో కంప్యూటరు ముందు కూర్చున్నా అదే అలవాటు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య పెట్టుకుని, కిటికీ బయట చూస్తూ, అవతలి మనిషి చెప్తుంటే కొట్టుకుంటూ పోయేదాన్ని. పక్క టేబుల్ దగ్గర పనిచేసే అమ్మాయి ముచ్చటపడి చూసేది.

ఆ అమ్మాయికి ముప్పై ఏళ్ళుంటాయి. వాళ్ళ తాతలు కర్ణాటక వైపు నుంచి వచ్చి ఇక్కడ వ్యాపారంలో స్థిరపడ్డారు. ఇంట్లో కన్నడం, బయట మన భాష. సరిహద్దు దగ్గరి ఊళ్ళకు ఫోన్ చేయాల్సి వచ్చినప్పుడు ఆమే మాట్లాడేది. ఇద్దరం ఒకే డబ్బాలోంచి తినేవాళ్ళం. నన్ను అక్కా అని పిలిచేది.

మొదట్లో అన్నీ రిజిస్టర్లలో రాసేవాళ్ళం. తర్వాత హైదరాబాదు నుంచి ఒక ఇంజనీరు వచ్చి కొత్త సాఫ్ట్‌వేర్ పెట్టాడు. తెరమీద పొడుగ్గా ఒక లిస్టు. ఒక్కో వరుస ఒక్కో ఆడమనిషి. ఎవరికి ఏరోజు ఫోన్ చేయాలో అదే చూపిస్తుంది. చేసి రాసేస్తే తేదీ వచ్చే వారానికి మారుతుంది; కాన్పు అయ్యాకే పూర్తి అని గుర్తు పెట్టాలి, అప్పుడు ఆ వరుస లిస్టులోంచి మాయమవుతుంది.

"మౌస్ పట్టుకునే పనే లేదు మేడమ్" అన్నాడతను. "ఒక్క అక్షరం చాలు. ఎన్ నొక్కితే కింది వరుసకి వెళ్తారు. ఎస్ నొక్కితే ఆ పని నెల వాయిదా. డి నొక్కితే పూర్తి. మీలా స్పీడుగా కొట్టేవాళ్ళకి ఇది చాలా బాగుంటుంది."

నిజంగానే నాకు నచ్చింది. రెండు వారాల్లో నా వేళ్ళకు అది పట్టుబడిపోయింది.

లిస్టు తగ్గడం మొదలైంది ఎప్పుడో నాకు సరిగ్గా తెలియదు. నేను గమనించింది మాత్రం ఒక సోమవారం పొద్దున. శనివారం సాయంత్రం మూసేటప్పుడు తెర అడుగున అరవై నాలుగు అని చూసినట్టు గుర్తు. సోమవారం అరవై ఒకటి ఉంది. కాన్పులయినవాళ్ళను నర్సు తీసేసి ఉంటుందనుకున్నాను. మరో వారానికి యాభై ఎనిమిది. అప్పుడూ ఏదో ఒకటి అనుకున్నాను. పని తగ్గుతుంటే ఎవరికి మాత్రం అనుమానం వస్తుంది? పైగా హైదరాబాదులో మా పనిని చూసే మేడం ఫోన్ చేసి మెచ్చుకుంది.

"మీ సెంటరే అన్నిటికంటే ముందుంది. ఒక్క పని కూడా పెండింగ్ లేదు. మిగతావాళ్ళకి మీ గురించే చెప్తున్నాను" అంది.

ఆ మాట పక్కమ్మాయికి చెప్పి, ఆ రోజు మిర్చీ బజ్జీలు తెప్పించాను.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం కల్హేర్ వైపు నుంచి ఒకామె తానే ఫోన్ చేసింది. ఆరో నెల. రక్తం తక్కువ.

"మేడం, మూడు వారాలాయె, మీ ఫోనే లేకపాయె. నేనేమన్న తప్పు మాట్లాడిన్నా?" అని అడిగింది.

లిస్టులో వెతికాను. లేదు. పూర్తయిన పనుల్లో వెతికితే దొరికింది. పూర్తి చేసినవారు: నా పేరు. నేను అలా చేసిన జ్ఞాపకం లేదు. చేయవలసిన కారణమూ లేదు. వరుసను మళ్ళీ తెరిచి, ఆమెకు ఏదో సర్దిచెప్పి పెట్టేశాను. పూర్తయినవాటిలో ఇంకా వెతికితే మరో ఇద్దరు దొరికారు. ఇద్దరిదీ ఇంకా కాన్పు కాలేదు. ఇద్దరినీ పూర్తి చేసింది నేనే. వాళ్ళ వరుసలూ మళ్ళీ తెరిచాను.

నా కుర్చీలో ఇంకెవరో కూర్చుంటున్నారనిపించింది. ఒకసారి అనుమానం వచ్చాక అది ఒక మనిషి కోసం వెతుక్కుంటుంది. పక్కమ్మాయి కంప్యూటరు తరచూ ఆగిపోయేది. నేను అన్నం తినేటప్పుడో, బ్యాంకుకు పోయినప్పుడో ఆమె నా దాంట్లో పని చేసుకునేది. నా పాస్‌వర్డు ఆమెకు తెలుసు. పని త్వరగా అయిందనిపించుకోవడానికి ఫోన్లు చేయకుండానే పూర్తి అని కొడుతోందా? రెండు రోజులు ఆమెను ఓరకంట కనిపెట్టాను. మూడో రోజు ఆపుకోలేకపోయాను.

"నా మిషన్ మీద నువ్వేం చేస్తున్నవ్?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ఏందక్కా?"

"ఫోన్ చెయ్యకుంటనే పూర్తి అని కొడ్తున్నవా? ముగ్గురు ఆడోళ్ళు మాయమైండ్రు. నా పేరు మీద."

ఆమె ముఖం చిన్నబోయింది. తర్వాత లేచి, తన డబ్బా సంచిలో పెట్టుకుంటూ, "నేను గసుంటి పని చేస్తనా అక్కా? గంతేనా నీకు నేను?" అంది.

ఆ రోజు నుంచి ఆమె వేరుగా తినేది. మాట అవసరానికి మాత్రమే. నేను పాస్‌వర్డు మార్చేశాను. ఇక ఏమీ మాయం కాదని ధైర్యంగా ఉన్నాను. అయినా అంకె తగ్గుతూనే ఉంది. యాభై ఐదు. యాభై మూడు. పొద్దున ఆ తెర వెలిగించడానికి చేయి వెనకాడేది.

ఒక బుధవారం ఉదయం మనూర్ దగ్గరి ఒక కోడలికి ఫోన్ చేశాను. మొదటి కాన్పు. ఎనిమిదో నెల దాటింది. కాన్పు కోసం సరిహద్దు అవతల, బీదర్ వైపు పుట్టింటికి పోయింది. ఇక్కడి ఊళ్ళో ఆశ కార్యకర్త కంటికి ఆమె ఇక కనబడదు, అక్కడివాళ్ళ లెక్కలోకి ఇంకా ఎక్కలేదు. అలాంటివాళ్ళకు మా ఫోనే ఆధారం. అందుకని వాళ్ళతో కాస్త ఎక్కువసేపు మాట్లాడేదాన్ని.

"మేడం, కాళ్ళు మస్తు ఉబ్బినయ్. చెప్పులు పడ్తలేవు" అంది.

"ఇంకేమైతుంది?"

"నెత్తి నొస్తుంది. నిన్నటి సంది తగ్గుతలేదు. కండ్ల ముంగట ఏందో మెరుస్తున్నట్టు ఉంటుంది."

మాకు నేర్పిన పాఠంలో అవి మొదటి మాటలు. "పరేషాన్ గాకు" అన్నాను. "ఇప్పుడే రాస్తున్న. గంటల మా సిస్టర్ నీకు ఫోన్ చేస్తది. ఏం చెయ్యాల్నో, ఏ దవాఖానకు పోవాల్నో ఆమెనే చెప్తది. ఫోన్ దగ్గర పెట్టుకో. ఇంట్లనే ఉండు."

"సరే మేడం. ఉంట."

ఫోన్ పెట్టేసి, ఇంగ్లీషులో కాళ్ళ వాపు, తలనొప్పి అని కొట్టడం మొదలుపెట్టాను. అంతలో ఇంకో ఫోన్ మోగింది. కొట్టడం ఆపలేదు. ఆఖరి మాట పూర్తి చేసి, సేవ్ చేసే మీట నొక్కి, ఫోన్ ఎత్తాను. తలెత్తి చూసేసరికి తెరమీద లిస్టు మామూలుగా ఉంది. ఆ తర్వాత ఆమె సంగతి నేను ఆలోచించలేదు. రాసేశాను కదా.

గురు, శుక్ర, శనివారాలు గడిచాయి. ఆదివారం సెలవు. సోమవారం పదిన్నరకు నర్సు వచ్చింది. హెల్మెట్ తీసి టేబుల్ మీద పెట్టి, మంచినీళ్ళు తాగుతూ మామూలుగా అడిగింది.

"గా మనూర్ కోడలు, పుట్టింటికి పోయింది చూడు, ఆమెకు కాన్పు అయ్యిందా? నా లిస్టుల కనవడ్తలేదు."

"ఎట్ల కనవడదు? బుధవారం నెత్తినొప్పి అని నేనే రాసిన గద. నువ్వు ఫోన్ చెయ్యలేదా?"

నర్సు గ్లాసు కింద పెట్టింది. "నాకేం రాలె."

ఆ వరుస కోసం వెతికాను. ఈ నెల లిస్టులో లేదు. వచ్చే నెలలోనూ లేదు. ఆ పై నెలలో ఉంది. ఎనిమిదో నెల దాటిన మనిషికి రెండు నెలల తర్వాత ఫోన్ చేయమని రాసి ఉంది. నేను కొట్టిన మాటలు ఎక్కడా లేవు. నోట్సు రాసే చోటు ఖాళీగా ఉంది. ఆ పని చరిత్ర తెరిస్తే రెండే మాటలున్నాయి. బుధవారం, పదకొండు గంటల పన్నెండు నిమిషాలకు, వాయిదా. అదే నిమిషానికి మళ్ళీ వాయిదా. రెండింటి పక్కనా నా పేరు.

నేను చదివి వినిపిస్తుంటే పక్కమ్మాయి తన కుర్చీలోంచి లేచి వచ్చింది. పదిహేను రోజుల తర్వాత ఆమె నా వైపు రావడం అదే మొదటిసారి. తెర వైపు చూసింది. నా చేతుల వైపు చూసింది.

"అక్కా, ఆరోజు నువ్వు కొడ్తుంటే ఫోన్ వచ్చింది గద?"

"వచ్చింది."

"ఫోన్ వస్తె ఆ మూలకు చిన్న డబ్బా తెరుసుకుంటది. ఎవలు చేస్తున్నరో చూపెడ్తది. అది తెరుసుకున్నంక నువ్వు రాసే డబ్బాల కర్సర్ ఉండదక్కా. నేను కండ్లతోని చూస్త, నాకు తెలుస్తది, ఆపుత. నువ్వు చూడవు. ఫోన్ మోగినా నీ వేళ్ళు ఆగవు."

"ఆగకుంటె ఏమైతది?"

ఆమె నా కీబోర్డు తన వైపు లాక్కుంది. ఒక ఉత్తుత్తి పేరుతో రెండు వరుసలు తయారు చేసింది. తన మొబైల్ నుంచి ఆఫీసు నంబరుకు ఫోన్ కలిపింది. మూలన ఆ చిన్న డబ్బా తెరుచుకుంది. అప్పుడు నేను బుధవారం ఏం కొట్టానో అదే మాటలు ఇంగ్లీషులో నెమ్మదిగా, ఒక్కో అక్షరం పైకి చెప్తూ కొట్టింది. లెగ్స్ అనే మాట చివర ఎస్ నొక్కగానే పై వరుస వచ్చే నెలకు పోయింది. స్వెల్లింగ్‌లో మొదటి అక్షరం ఎస్‌తో ఇంకో నెల. ఆ మాటలోనే ఎన్ రాగానే గుర్తు కింది వరుస మీదికి దిగింది. ఆమె ఒక క్షణం ఆగి నా ముఖం చూసి, హెడేక్ కొట్టడం మొదలుపెట్టింది. నాలుగో అక్షరం డి. కింది వరుస తెరమీద నుంచి మాయమైంది.

చప్పుడు లేదు. అడగడం లేదు. నిజంగా చేయమంటారా అన్న ప్రశ్న కూడా లేదు.

నర్సు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. ఎన్ని వారాలుగా, ఎన్ని ఫోన్ల మధ్య నేను అలా కొట్టుకుంటూ పోయానో లెక్కే లేదు. ఒకామె చెప్పింది రాస్తుండగా ఇంకొకామె ఫోన్ చేస్తే, మొదటి ఆమె మాటలే మూడో ఆమెను లిస్టులోంచి తీసేస్తున్నాయి. తీసేస్తున్నది నా వేళ్ళే. నేను ఆ సమయంలో కిటికీ బయట చూస్తూ ఉన్నాను.

"నన్ను మాఫ్ చెయ్యి" అన్నాను పక్కమ్మాయితో.

"మాఫీ తర్వాతక్కా. ముందు ఆమెకు ఫోన్ కొట్టు."

కొట్టాం. స్విచాఫ్. మళ్ళీ కొట్టాం. మనూర్ దగ్గరి అత్తగారింటి నంబరు మోగి మోగి ఆగిపోయింది. నర్సు అప్పటికే హెల్మెట్ పెట్టుకుంటోంది. ఇద్దరి కంటే ఎక్కువ స్కూటీ మీద పట్టరు, ఆ వైపు కన్నడం లేకుండా పని జరగదు. చివరికి నర్సును ఆఫీసులో కూర్చోబెట్టి, మిగతావాళ్ళ చరిత్ర అంతా తిరగేయమని చెప్పి, నేనూ పక్కమ్మాయీ ఆమె పుట్టింటి ఊరికి ఆటో మాట్లాడుకుని బయలుదేరాం.

ఊరు దాటాక రోడ్డుకు రెండు వైపులా కంది చేలు ఎండి నిలబడి ఉన్నాయి. ఆటో గతుకుల్లో పడ్డప్పుడల్లా నేను మొబైల్ తీసి ఆమెకు కలుపుతూనే ఉన్నాను. ఒకచోట పక్కమ్మాయి నా చేతిలోంచి మొబైల్ తీసుకుని తన ఒళ్ళో పెట్టుకుంది.

ఆమె పుట్టిల్లు ఊరి మొదట్లోనే ఉంది. తలుపు తీసే ఉంది. లోపల ఒకామె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టెలు కొడుతోంది. మమ్మల్ని చూసి, ఎవరో సర్కారువాళ్ళనుకుని, "బర్రి, రాండి, కూసోండి" అంది. గుమ్మం దగ్గర సంచిలో మడత పెట్టిన చీరలు, ఒక ప్లాస్కు ఉన్నాయి. పసిబిడ్డ బట్టలేవీ లేవు. నేను మొదట చూసింది అదే.

పక్కమ్మాయి కన్నడంలో మేమెవరమో చెప్పింది. ఆమె రొట్టె చేతిలోనే పట్టుకుని మా వైపు తిరిగింది. మేము వెతుక్కుంటూ వచ్చిన మనిషి ఆమె కూతురే. తర్వాత మాట్లాడింది. కొంత కన్నడం, కొంత మన భాష.

"మీరేనా ఫోన్ మేడం? ఆ నాడు నేను దవాఖానకు పోదాం పా అన్న. వద్దవ్వ, సిస్టర్ ఫోన్ వస్తది, మేడం ఇంట్లనే ఉండుమన్నది అన్నది. ఫోన్ ఒళ్ళె పెట్టుకుని కూసున్నది. చార్జింగ్ పెడ్త తే అంటె గూడ ఇయ్యలె, అప్పుడే మోగితె ఎట్ల అని. తెల్లారి పొయ్యి కాడికి వచ్చి నిలవడ్డది. నిలవడ్డ మనిషి నిలవడ్డట్టే వడిపోయింది. కాళ్ళు చేతులు కొట్టుకున్నది. నాలిక కొరుక్కున్నది."

"ఇప్పుడెట్లుంది?" అని నేనడిగాను.

"పాణం ఉన్నది. బిడ్డ దక్కలె. మగపిల్లగాడు."

ఆమె రొట్టెలు గుడ్డలో కట్టుకుంది. బీదర్‌లోని పెద్ద దవాఖానకే పోతున్నానంది. మా ఆటోలోనే ఎక్కించుకున్నాం. దారంతా ఆమె మా మధ్య కూర్చుని ఉంది. చెప్పాలని రెండుసార్లు నోరు తెరిచాను. రెండోసారి పక్కమ్మాయి నా మోచేయి పట్టుకుని, "ఈమె కూతురికే చెప్పు అక్కా. నీ మాట విన్నది ఆ పిల్ల. ఇంట్లనే ఉన్నది ఆ పిల్ల" అంది మెల్లగా.

వార్డులో కిటికీ పక్క మంచం. ఫోన్లో విన్న గొంతును బట్టి నేను పెద్ద మనిషిని ఊహించుకున్నాను. ఇరవై ఏళ్ళు కూడా ఉన్నట్టు లేదు. ముఖం ఇంకా ఉబ్బి ఉంది. పెదవి మీద కరుచుకున్న గాయం. నేనెవరో చెప్పగానే లేవబోయింది. నేనే వద్దని పడుకోబెట్టాను.

మంచం అంచున కూర్చుని చెప్పాను. నువ్వు చెప్పింది నేను రాశాననుకున్నాను, కానీ అది నోట్సుగా పడలేదు, నేను చూసుకోలేదు, అందుకే సిస్టర్‌కు తెలియలేదు, ఫోన్ రాలేదు. తప్పు నాది. ఇంట్లోనే ఉండమని కూడా నేనే చెప్పాను. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. మీటల సంగతి, మూలన తెరుచుకునే డబ్బా సంగతి చెప్పబోతే అది తప్పించుకోవడంలా ఉంటుందనిపించింది.

ఆమె కళ్ళు ఆర్పకుండా విన్నది.

"నేను చెప్పింది రాయలేదా మేడం?"

"రాసిన. గానీ పడలె."

"మల్ల ఏడికి పోయింది?"

ఆమె జవాబు కోసం కాసేపు నిజంగానే ఎదురుచూసింది. తర్వాత తల గోడ వైపు తిప్పుకుంది. తల్లి రొట్టెల మూట విప్పుతున్నదల్లా ఆపి, మా వైపు చూడకుండానే, "హోగ్రి" అంది. పొమ్మంటోందని పక్కమ్మాయి నాకు చెప్పనక్కరలేకపోయింది. లేచి వచ్చేశాం.

మర్నాడు హైదరాబాదు ఇంజనీరుతో మాట్లాడాను. జరిగిందంతా చెప్పాను. అతను నిజంగానే బాధపడ్డాడు. "కానీ మేడమ్, ఇది సాఫ్ట్‌వేర్‌లో లోపం కాదు" అన్నాడు. "కర్సర్ రాసే చోట లేకపోతే అక్షరాలు షార్ట్‌కట్‌లుగా పనిచేస్తాయి. అలా పనిచేయాలనే పెట్టారు. వద్దనుకుంటే సెట్టింగ్స్‌లో ఒక టిక్ ఉంటుంది, తీసేయండి."

తీసేశాను. ఒక చిన్న గడిలో ఒక చిన్న గీత. మళ్ళీ పెట్టి మళ్ళీ తీశాను, నిజంగా పోయిందో లేదో అని. నెల తిరక్కముందే సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వచ్చిన రోజు ఆ టిక్ దానంతట అదే తిరిగి వచ్చి కూర్చుంది. అప్పటినుంచి ప్రతి ఉదయం ముందుగా అదే చూస్తాను. ఆఫీసు ఫోన్ మోగితే చేతులు గాలిలోకి ఎత్తేస్తాను. కింది దుకాణంవాళ్ళు ఒకరోజు పైకి వచ్చి చూసి నవ్వారు.

నర్సు చరిత్ర అంతా తిరగేస్తే పదకొండు మంది తేలారు. నేను ముందే తెరిచిన ముగ్గురితో కలిపి. కొందరు రెండు నెలల అవతలికి పోయారు, కొందరు పూర్తయిపోయారు. ఒక్కొక్కరికీ ఫోన్ చేశాం, దొరకనివాళ్ళ ఇళ్ళకు వెళ్ళాం. ఇద్దరికి కాన్పులయ్యాయి, తల్లీబిడ్డా బాగున్నారు. ఒకామెకు రక్తం ఎక్కించాల్సి వచ్చింది. మిగతావాళ్ళు ఫోన్లు ఎందుకు ఆగాయని అడిగారు. అందరికీ ఉన్నదున్నట్టు చెప్పాను. ఒకామె తిట్టింది. మిగిలినవాళ్ళు ఏమీ అనలేదు. ఏమీ అననివాళ్ళ దగ్గరనుంచి ఫోన్ పెట్టేయడమే నాకు కష్టమైంది.

పక్కమ్మాయి నాతో మళ్ళీ ఒకే డబ్బాలో తిన్నది. కానీ నెలన్నర కంటే ఎక్కువ ఉండలేదు. వాళ్ళ నాన్న కిరాణా దుకాణంలో కూర్చుంటానని వెళ్ళిపోయింది. "నువ్వన్నదానికి కాదక్కా" అని తనే చెప్పింది. "ఫోన్ మోగితె నాకు భయమైతుంది. ఎత్తెలోపల్నే ఎవలకో ఏమో అయితున్నట్టు అనిపిస్తుంది." ఆమె కుర్చీలో ఇంకా ఎవరూ చేరలేదు.

పదకొండు మందిలో ఒకామె మాత్రం దొరకలేదు. బుధవారం నాడు మనూర్ కోడలి కింది వరుసలో ఉన్నది ఆమే. నేను తలనొప్పి అని కొడితే పూర్తయిపోయిన మనిషి. సిర్గాపూర్ వైపు ఒక చిన్న ఊరు. మూడో కాన్పు, బీపీ ఎక్కువ. వచ్చే శుక్రవారం బీపీ చూపించుకోవడానికి దవాఖానకు వస్తానని అంతకు ముందు వారమే నాతో అన్నది. మేము గుర్తు చేస్తే వచ్చేదేమో. మేము చేయలేదు. ఇప్పుడు ఫోన్ చేస్తే ఆ నంబరు ఉపయోగంలో లేదని వస్తుంది.

నర్సూ నేనూ ఆ ఊరికి వెళ్ళాం. ఇంటికి తాళం. ఎదురింటామె పళ్ళెంలో కారం మిరపకాయలు తుంచుతూ చెప్పింది.

"హైదరాబాద్ పోయిండ్రు. బిల్డింగ్ పనికి. పిల్లలని గూడ తీస్కపోయిండ్రు."

"ఏడ ఉంటున్నరు?"

"ఏమెర్క? ఎక్కడ పని దొరికితె ఆడ. మూడు వారాలాయె. మల్ల ఒక్కసారి గూడ రాలె."

"కాన్పు అయ్యిందని ఏమన్న తెలిసిందా?"

ఆమె మిరపకాయ తుంచడం ఆపి మమ్మల్ని ఇద్దరినీ చూసింది. "ఎవలు చెప్తరు?" అంది.

వాళ్ళను పనికి తీసుకుపోయిన మేస్త్రీ పేరు దొరికింది. అతని ఫోనూ దొరికింది. వాళ్ళు తన దగ్గర పది రోజులే చేశారని, తర్వాత ఇంకెవరితోనో పోయారని అన్నాడు. ఆమెకు కాళ్ళు వాచి ఉన్నాయా అని అడిగితే, "నేను కాళ్ళు చూస్తనా మేడం?" అన్నాడు.

ఆమె వరుసను మళ్ళీ తెరిచి పెట్టాను. కాన్పు తేదీ దాటిపోయి చాలా రోజులైంది. లిస్టులో అన్నిటికంటే పైన, ఎర్రగా ఉంటుంది. ఎన్ని రోజులు ఆలస్యమైందో పక్కన అంకె ఉంటుంది. అది రోజుకు ఒకటి పెరుగుతుంది.

పోయిన వారం హైదరాబాదు మేడం ఫోన్ చేసింది. కోపంగా కాదు, మంచిగానే మాట్లాడింది.

"ఆ ఒక్కటీ క్లోజ్ చేసేయండి. ఎలాగూ దొరకలేదు కదా. దానివల్ల మన సెంటర్ రిపోర్టు మొత్తం ఎర్రగా వస్తోంది. ఒక్క క్లిక్కే కదా."

"ఆమె సంగతి తెలిసినంక చేస్త మేడం" అన్నాను.

"తెలియకపోతే?"

నేను మౌస్ మీద నుంచి చేయి తీశాను. ఆమె "సరే, ఆలోచించండి" అని పెట్టేసింది.

ఈరోజు పొద్దున వచ్చి తాళం తీశాను. కంప్యూటరు వెలిగించాను. సెట్టింగ్స్ చూశాను, టిక్ లేదు. లిస్టు తెరిచాను. ఆమె పేరు పక్కన అంకె నిన్నటికంటే ఒకటి పెరిగి ఉంది. నంబరు ఉపయోగంలో లేదని తెలిసీ ఆమెకు ఫోన్ కలిపి, ఆ మాట చివరిదాకా విని, రెండో వరుసలో ఉన్నామెకు చేశాను.